మూడూళ్ళకూ సమాన దూరం

ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు నేను మిట్టేమరి క్రాసులో స్కూటర్ ఆపి, చుట్టపుచూపుగా వచ్చిన ఒక ముసలాయనకు చింతామణికి నేరుగా బస్సు లేదని నచ్చజెబుతున్నాను. ముసలాయన నమ్మడం లేదు. "పోయినసారి వచ్చినప్పుడు ఉండె కదమ్మా. పూలగంపలన్నీ దాంట్లోనే పోతాండె" అంటున్నాడు. ఉండేదప్పా, ఇప్పుడు లేదు అని నేనంటుండగానే ఫోన్ మోగింది.

చేసింది వాళ్ళావిడ. చింతామణి హైస్కూల్లో నాతోపాటు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "మా ఇంటాయన తెల్లారి పోయినారమ్మా, నిద్దర్లోనే" అంది. గొంతులో ఏడుపుకంటే అలసట ఎక్కువ వినిపించింది. "పిల్లోల్లకు ముగ్గురికీ ఒకేసారి ఫోన్ కలిపి చెప్పినాను. ముందు ఒకరికి చెప్తే ఆయన ఒప్పుకోరు కదా."

ఒప్పుకోడు. పోయిన తర్వాత కూడా ఒప్పుకోడు.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. నేను ఇప్పుడు రాయబోయేదంతా ఆయన బతికుండగా ఆయన మొహం మీదే అన్నాను కాబట్టి నాకు కొత్తగా వచ్చే పాపం లేదు. ఆయన ఊళ్ళకు యోజనె, అంటే ప్లాను, వేసే ఒక ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఏ ఆఫీసో చెప్పను. ఆయన పోయినా ఆఫీసు ఉంది. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి, ఈ మూడింటినీ ఒక్క పట్టణంలా కలిపేయాలని, మనుషులు కార్లు మానేసి కరెంటు బస్సుల్లో, సైకిళ్ళ మీద తిరగాలని ఆయన కల. ఆ కల గురించి చెప్పడానికి ఆఫీసు జీపులో వచ్చేవాడు. ఆయన పొగ గురించి మాట్లాడుతున్నంతసేపూ బయట జీపు ఆన్‌లోనే ఉండేది, తిరిగి ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలి కదా.

మా వైపు ఆయన్ని అందరూ సమానం సారు అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఏం మాట్లాడినా చివరికి అరచేతులు రెండూ తక్కెడ పళ్ళేల్లా పట్టుకుని, "ఎవురికీ ఎక్కువొద్దు, ఎవురికీ తక్కువొద్దు, సమానం" అనేవాడు. ఆ చేతులు చూస్తే ఎదుటివాళ్ళకు తెలియకుండానే తల ఊగేది. ఇంటికి వెళ్ళాకగానీ, మనం దేనికి తలూపామో అర్థమయ్యేది కాదు.

ఆ గుణం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. వాళ్ళది బాగేపల్లి దగ్గర గుడి సేవ చేసిన ఇల్లు. వాళ్ళ నాయన తీర్థం ఇచ్చేటప్పుడు ఆసామి అనీ కూలివాడు అనీ చూసేవాడు కాదట. మనిషికి ఒక్క ఉద్ధరిణె. ఈ మాట ఆయన చాలా గర్వంగా చెప్పుకునేవాడు. గర్వపడాల్సిందే, కాదనను. కానీ ఎండలో కొండెక్కి నోరెండిపోయి వచ్చినవాడికీ, భోంచేసి ఊరికే వచ్చినవాడికీ అదే ఒక్క ఉద్ధరిణె. తీర్థానికి అది చెల్లుతుంది. బస్సులకు చెల్లదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాననుకోండి, వినలేదు.

ఇంట్లోనూ అదే వరస. పిల్లలు ముగ్గురు. బొబ్బట్టు పంచాలంటే స్కేలు కావాలి. మామిడిపండు కోస్తే చెంపలు, అంచులు అన్నీ మూడు వాటాలు వేసి, చివరికి టెంక ఎవరికివ్వాలో తెలియక పెరట్లో పూడ్చిపెట్టేవాడు. టెంక చీకడమే పిల్లలకు ఇష్టమని వాళ్ళావిడ ఎన్నిసార్లు చెప్పినా, "ఒకరికిస్తే ఇద్దరికి అన్యాయం" అనేవాడు. ముగ్గురికీ సమానంగా టెంక లేకుండా చేయడం ఆయన దృష్టిలో న్యాయం. పెరట్లో మాత్రం మామిడిమొక్కలు బాగా మొలిచేవి.

నేను సెలవు రోజుల్లో వాళ్ళింటికి వెళ్తే ఆవిడ కాఫీ ఇచ్చేది. లోటా చేతిలోకి తీసుకుని రెండు గుక్కలు తాగానో లేదో, ఆయన వచ్చి దాన్ని లాక్కునేవాడు. తనది, ఆవిడది, నాది, మూడు లోటాలూ బల్ల మీద మూడు మూలలు పెట్టి, "ఇది చిక్కబళ్ళాపురం, ఇది చింతామణి, ఇది బాగేపల్లి" అని మొదలుపెట్టేవాడు. నా కాఫీ ఎప్పుడూ బాగేపల్లే. ఎవరూ తాకడానికి వీల్లేదు. "మూడూర్లూ కలిసేదాకా మా ఇంట్లో కాఫీ చల్లగానే తాగాలమ్మా" అని ఆవిడ వంటింట్లోంచి అరిచేది.

ఆయన కష్టం కూడా నిజమే. మూడూళ్ళకూ కలిపి ఒక పెద్ద బస్టాండు కట్టాలని పైనుంచి అనుమతి వచ్చింది. ఎక్కడ కట్టాలి? చిక్కబళ్ళాపురం వాళ్ళు "జిల్లా మాది" అన్నారు. చింతామణి వాళ్ళు "సంత మాది, సరుకు మాది, మీకేముంది?" అన్నారు. బాగేపల్లి వాళ్ళు హైవే చూపించారు. ఒక్కో సభలో ఆయన మీదికి కుర్చీలు లేచాయట. పాపం, ఆ మాటకు నేనూ జాలిపడ్డాను. ఒక సాయంత్రం స్కూలు వదిలాక వాళ్ళావిడ నా దగ్గరికొచ్చి, బోర్డు మీద వృత్తాలు గీయడానికి మేం వాడే కొయ్య వృత్తలేఖిని అడిగి తీసుకెళ్ళింది. నేను లెక్కల టీచర్ని. ఎందుకని అడగాల్సింది పోయి, జాగ్రత్తగా తిరిగివ్వమని మాత్రం చెప్పాను.

మరుసటి ఆదివారం ఆయనే మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని మిట్టేమరికి, మా ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మా వసారాలో మ్యాపు పరిచాడు. మూడూళ్ళ మీదుగా ఎర్ర సున్న చుట్టి ఉంది. దాని నట్టనడుమ చిన్న చుక్క.

"మూడూర్లకూ సమాన దూరం టీచరమ్మా. ఒక్క అడుగు కూడా ఎక్కువ తక్కువ లేదు. ఇంక ఎవురూ నోరెత్తేదానికి లేదు" అన్నాడు.

"ఆడ ఏమున్నాది సార్?" అన్నాను.

"ఏమీ లేదు."

"మనుషులు?"

"ఎవురూ లేరు. అదే దాని గొప్పతనం. అది ఎవురి ఊరూ కాదు."

మూడు బిందువులిస్తే వాటికి సమాన దూరంలో ఉండే బిందువును కనుక్కోమని నేను పిల్లలకు ఏటా ఇచ్చే లెక్క అది. పిల్లలు దానికి మార్కులు తీసుకుని ఊరుకుంటారు. ఈయన దాంట్లో బస్టాండు కట్టాడు.

ఆ చుక్క పడిన చోటు ఒక రాళ్ళమిట్ట. చుట్టూ జాలికంపలు. గొర్రెలు కూడా వానాకాలంలోనే అటు పోయేవి. తమాషా ఏమిటంటే మూడూళ్ళ వాళ్ళూ ఒప్పుకున్నారు. తమకు దక్కకపోయినా ఫర్వాలేదు, పక్క ఊరికి దక్కలేదు కదా! మా జనం సంగతి ఆయనకు ఆ మాత్రం తెలుసు. ఆయన్ని ఒక్కణ్ణే వెక్కిరిస్తే అన్యాయం, ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు మూడు తాలూకాల్లోనూ ఉన్నారు.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మాకు బావి కింద కొంచెం భూమి ఉంది. అందులో ఒక మడి కనకాంబరాలు మా అత్తవి. మామ వేరుశెనగ వేసుకున్నా, రాగి వేసుకున్నా ఆమె పట్టించుకునేది కాదు. ఆ మడి జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. తెల్లారకముందే కోసి, తడిగుడ్డ కప్పి, గంప నెత్తిన పెట్టుకుని చింతామణి బస్సెక్కేది. డ్రైవరు వెనక సీటు ఆమెది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే కండక్టరే లేపేవాడు. పూలమార్కెట్టులో ఆమెకు స్నేహితురాళ్ళున్నారు, పగవాళ్ళున్నారు, బేరం చేసే మొగవాళ్ళను కడిగిపారేసే పేరుంది. ఇంట్లో ఆమె ముసలిది. చింతామణిలో ఆమె కనకాంబరాల అక్క. ఆ బస్సు ఒక్కటే ఆమెను ఇక్కణ్ణుంచి అక్కడికి చేర్చేది. ఆ బస్సు పోతే దళారీ ఇంటి ముందుకొచ్చి, తనకు తోచిన రేటుకు గంప ఎత్తుకుపోతాడు. ఆమెకు ఆ దళారీ మొహం చూస్తేనే కడుపుమంట.

కొత్త యోజనెలో ఊళ్ళ నుంచి నేరుగా పోయే బస్సులన్నీ రద్దు. ప్రతి బస్సూ ఆ రాళ్ళమిట్ట మీది కొత్త బస్టాండుకే పోవాలి, దానికి ఆయన పెట్టిన పేరు హబ్బు. అక్కడ దిగి, కావలసిన ఊరి బస్సు ఎక్కాలి. ఈ సంగతి చెప్పడానికి ఆయన మా ఊరి శాలెలో, అంటే బడిలో, సభ పెట్టాడు. మా అత్త మార్కెట్టు నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా సభకే వచ్చింది, గంపలో మిగిలిన పూలతో. ముందు వరసలో కూర్చుంది. అక్కడ లోటాలు లేవు. ఆయన చుట్టూ చూసి, ఆమె గంపలోంచి మూడు పూలు తీసి బల్ల మీద మూడు మూలలు పెట్టాడు.

"ఇది చిక్కబళ్ళాపురం, ఇది చింతామణి, ఇది బాగేపల్లి."

"మిట్టేమరి యాడ ఉండాది సామీ?" అంది మా అత్త.

ఆయన బల్ల మీద చూశాడు. మూడు పూల మధ్య ఖాళీలో వేలు గాల్లో తిప్పి, "ఈడ్నే, ఇట్లా, ఈ దావలో ఉంటాదవ్వా" అన్నాడు.

"దానికి పువ్వు పెట్టలేదే?"

శాలెలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆయనకు కోపం వచ్చేది కాదు, అదొక చిక్కు. కోపం వచ్చే మనిషితోనైతే పోట్లాడొచ్చు.

"మా బస్సు తీసేస్తాండారంట కదా సామీ?"

"ఎవురు చెప్పినారవ్వా? నీ బస్సు ఉంటాది. కాకపోతే హబ్బుకు వస్తాది. ఆడ దిగేది, పక్కనే చింతామణి బస్సు నిలబడి ఉంటాది, ఎక్కేది. అంతే. దాన్ని కనెక్షన్ అంటారు."

"అది రాకపోతే?"

"యాలా రాదు? మూడూర్ల నుంచీ ఒకే టైముకు బయలుదేరేటట్ల పెట్టినాము. సమానం."

"పూలు వాడిపోతాయి సామీ."

"నీడ ఉంటాదవ్వా. సోలారు నీడ."

మా అత్త లేచి, బల్ల మీది మూడు పూలూ ఏరి గంపలో వేసుకుంది. "నువ్వు చదువుకున్నోడివి. నీ మాట మీద ఉంటాను. కనెక్షన్ వస్తాది అన్నావు, గుర్తుపెట్టుకో" అని ఇంటికొచ్చేసింది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

హబ్బు మాత్రం చూడ్డానికి బాగుంది. అది ఒప్పుకోవాలి. పైన సోలార్ పలకలు, కింద నాపరాళ్ళ బెంచీలు, కుంటివాళ్ళకు వాలుదారి, విచారణ అని కన్నడంలో రాసిన కిటికీ, కరెంటు బస్సులకు చార్జింగు పెట్టె, ఆకుపచ్చ రంగు వేసిన సైకిల్ బాట. ఆ బాట గేటు దగ్గర మొదలై రోడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది. చుట్టుపక్కల రైతులకు ఉలవలు ఆరబోసుకోవడానికి అంత నున్నటి కళ్ళం ఎక్కడా దొరకదు. చార్జింగు పెట్టె దగ్గర గొర్రెల కాపరులు సెల్‌ఫోన్లు చార్జి చేసుకునేవారు. కరెంటు బస్సు నేను చూడలేదు, వస్తుందని మాత్రం విన్నాను.

మూడు బస్సులూ మూడూళ్ళ నుంచి సమానంగానే బయలుదేరేవి. కాని దూరాలు సమానమైనంత మాత్రాన రోడ్లు సమానం కావు కదా. చింతామణి రోడ్డు నున్నగా ఉంది. బాగేపల్లి నుంచి మా ఊరి మీదుగా వచ్చే మా రోడ్డు గుంతలమయం. మా బస్సు మలుపు తిరిగేసరికి చింతామణి బస్సు వచ్చి, తిరిగి, వెళ్ళిపోతూ కనిపించేది. మా అత్త కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "ఓ అప్పా! ఆపప్పా!" అని అరిచేది. ఆ డ్రైవరుకూ టైము ఉంటుంది, అతన్ని అని ఏం లాభం? తర్వాతి బస్సు దాకా ఆమె గంపతో ఆ బెంచీ మీద కూర్చునేది. నీడ నిజంగానే ఉండేది. ఆ నీడలోనే పూలు మెత్తబడేవి.

కొన్నాళ్ళకు జనం తగ్గారు. జనం లేరని బస్సులు తగ్గించారు. పాత బస్సు మళ్ళీ వెయ్యండని అర్జీ పెడితే, మీకు హబ్బు ఉంది కదా అన్నారు. మా అత్త ఒక రోజు ఎవరికీ చెప్పకుండా ఆ మడిలో కనకాంబరం చెట్లు పీకించి మల్బరీ నాటించింది. గట్టు పక్కన ఒక్క వరస మాత్రం ఉంచుకుంది. ఆ తర్వాత ఆమె చింతామణి పేరు ఎత్తలేదు. చీరలు కొందాం రా అంటే, "నాకేం పని ఆడ?" అనేది. నాకు ఇప్పటికీ ఆయన మీద ఉన్న కోపం ఈ ఒక్క మాట దగ్గరే ఉంది. బస్సు పోతే పోయింది, నేను స్కూటర్ కొనుక్కున్నాను. ఆమె మాత్రం ముసలిదైపోయింది.

ఆయన రిటైరైన తర్వాత ఒకసారి అటుగా పోతూ హబ్బులోకి తొంగిచూశాను. బెంచీ మీద గొడుగుతో ఆయనే కూర్చుని ఉన్నాడు. జీపు లేదు. ఆటోలో వచ్చాడట, ఆటో వెళ్ళిపోయిందట. చుట్టూ ఉలవలు, రెండు మేకలు. ఆయన నేల మీద నీడ ఎక్కడి దాకా వచ్చిందో చూస్తున్నాడు.

"చూస్తిరా టీచరమ్మా, మధ్యాన్నం నీడ సరిగ్గా బెంచీ అంచుకు వస్తాది. అనుకున్నట్లే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సార్, మా అత్త పూలచెట్లు పీకేసింది. తెలుసా మీకు? మూడూళ్ళ వాళ్ళూ మిమ్మల్ని తిడుతున్నారు."

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. మరుక్షణం చేతులు రెండూ తక్కెడలా లేచాయి.

"మూడూర్ల వాళ్ళూనా?"

"మూడూళ్ళ వాళ్ళూ."

"ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ లేకుండా?"

"లేకుండా."

"ఇంకేమమ్మా మరి!" అన్నాడు, పరీక్షలో నెగ్గిన పిల్లవాడిలా. "ఒక ఊరు మెచ్చుకుని, ఇంకో ఊరు తిట్టింటే నేను తప్పు చేసినట్ల."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద మళ్ళీ కోపమొచ్చింది. స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే, "నన్ను కొంచెం చింతామణిలో దింపుతారా? బస్సు వచ్చేటట్ల కనపడలేదు" అన్నాడు. ఎక్కించుకున్నాను. దారి పొడుగునా వెనక కూర్చుని, సొంత బండ్లు పెరిగితే ఊళ్ళు ఎట్లా పాడైపోతాయో వివరిస్తూ వచ్చాడు.

ఆయన్ని నేను చూసింది అదే చివరిసారి. ఇప్పుడాయన పోయాడు. ముగ్గురు పిల్లలూ మూడూళ్ళలో స్థిరపడ్డారు. ఒకరు చిక్కబళ్ళాపురం, ఒకరు చింతామణి, ఒకరు బాగేపల్లి. వైకుంఠ సమారాధన భోజనాలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర పోట్లాట వచ్చింది. మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని ముగ్గురూ పట్టుపట్టారు. వాళ్ళావిడ రెండు రోజులు విని, "మీ నాయన కట్టినాడు కదా, ఆ మధ్యలోనే పెట్టండి. ముగ్గురికీ సమానం" అంది. ఆవిడ ఎగతాళికి అంది. వాళ్ళు ఆయన బిడ్డలు కదా, నిజంగానే ఒప్పుకున్నారు.

మూడూళ్ళ నుంచి మూడు బస్సులు మాట్లాడారు. బాగేపల్లి బస్సును మిట్టేమరి మీదుగా రమ్మన్నారు. మా అత్త వస్తుందని నేననుకోలేదు. ఉతికిన చీర కట్టుకుని, గంప చంకన పెట్టుకుని, నాకంటే ముందే క్రాసులో నిలబడి ఉంది. గంప మీద తడిగుడ్డ.

"పూలేంటికత్తా?" అన్నాను.

"చావింటికి వట్టిచేతుల్తో పోతారామే?" అంది.

హబ్బు దగ్గర మలుపు తిరిగేసరికి నేను నా కళ్ళను నమ్మలేదు. చిక్కబళ్ళాపురం బస్సు ఒకవైపు నుంచి, చింతామణి బస్సు ఇంకోవైపు నుంచి, మాది ఒకవైపు నుంచి, మూడూ కలిసి గేటు దగ్గరికొచ్చాయి. భోజనం పెడతామంటే ఆలస్యంగా వచ్చే బస్సు ఉండదు కాబోలు. మనుషులు దిగారు, పలకరించుకున్నారు, బెంచీలు నిండిపోయాయి. ఆకుపచ్చ సైకిల్ బాట మీద అరిటాకులు పరిచారు. ఆయన ఫోటోకు చోటు ఎక్కడా సరిపోక, విచారణ కిటికీలో పెట్టి, పక్కన దీపం వెలిగించారు. మొత్తానికి ఆయన మ్యాపులో గీసిన బొమ్మ ఆ రోజు అచ్చం అట్లాగే తయారైంది.

నేను ఆకు ముందు కూర్చుని, పక్కన మా అత్తకు చోటు పట్టాను. ఆమె రాలేదు. చూస్తే చింతామణి బస్సు డ్రైవరుతో మాట్లాడుతోంది. సారు పెద్దకొడుకు తాంబూలాలు మరిచిపోయాడట, వాటి కోసం బస్సు ఒకసారి చింతామణికి వెళ్ళబోతోంది. అక్కణ్ణుంచి ఆమె విచారణ కిటికీ దగ్గరికొచ్చింది. గుడ్డ తీసి గుప్పెడు కనకాంబరాలు ఫోటో ముందు పోసింది. గంపలో ఇంకా నిండుగా ఉన్నాయి. గట్టు పక్కన ఉంచుకున్న ఆ ఒక్క వరసా మొగ్గ మిగలకుండా కోసుకొచ్చిందని అప్పుడు తెలిసింది.

"సామీ," అంది కిటికీలోకి చూస్తూ, పైకే, అందరికీ వినపడేలా, "నువ్వు చెప్పిన కనెక్షన్ వచ్చినాది. పోయొస్తా."

"అత్తా! అన్నం తిని పో!" అని అరిచాను.

"అన్నం యాడైనా దొరుకుతాది. రేపు శుక్రవారం, ఈ పొద్దు మార్కెట్లో పూలకు కొట్టుకుంటాంటారు" అంటూ బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, గంప ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలింది. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళైందో! నాకు ఏడుపొచ్చింది, ఆకులో వడ్డించిన పప్పు అలాగే ఉండిపోయింది.

దుమ్ము తగ్గిన తర్వాతగానీ, పూలమ్ముకునేదాకా ఆ బస్సు ఆగదు కదా, ఆమె తిరిగి ఎట్లా వస్తుందన్న ఆలోచన రాలేదు. అడుగుదామని కిటికీ వైపు చూశాను. పూల వెనక ఆయన మూడూళ్ళ వాళ్ళకూ సమానంగా నవ్వుతున్నాడు.